ఈ బఫర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఫర్మ్‌వేర్ చేస్తున్నా, మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్. ఫ్యాక్టరీల్లో పెట్టే డేటా లాగర్ మాది, ఎస్‌టీఎం32 హెచ్743 చిప్, ఫ్రీఆర్టాస్ (చిన్న ఆపరేటింగ్ సిస్టం) మీద ఎల్‌డబ్ల్యూఐపీ (నెట్‌వర్క్ స్టాక్). ఈథర్నెట్ డ్రైవర్ మా సీనియర్ గారు సొంతంగా రాశారు, 2,400 లైన్లు, ఆర్‌ఎక్స్ (రిసీవ్) రింగ్‌లో 4 డిస్క్రిప్టర్లు, అంటే ఏ బఫర్ ఎక్కడుందో హార్డ్‌వేర్‌కి చెప్పే చీటీల్లాంటివి. ఇప్పుడు దాన్ని నన్ను రివ్యూ చెయ్యమన్నారు. రెండ్రోజులు కూర్చుని పై నుంచి కింద దాకా చదివా, వేరియబుల్ పేర్లు, కామెంట్లలో స్పెల్లింగులు తప్ప నాకేం దొరకలేదు. కానీ కస్టమర్ దగ్గర రెండు మూడ్రోజులకోసారి నెట్‌వర్క్ ఆగిపోతోంది, రీసెట్ చేస్తే మళ్ళీ బానే ఉంటుంది. ఆయన నాకంటే పన్నెండేళ్ళు సీనియర్, ఆయన కోడ్‌లో నేను తప్పులు వెతకడమేంటి అని భయంగా కూడా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడూ, రెండ్రోజులు చదివినా ఏమీ దొరకలేదంటే నీకు రాదని కాదు, చదివిన తీరు డ్రైవర్‌కి సరిపోదు, అంతే. మామూలు కోడ్ పై నుంచి కిందకి చదివితే అర్థమైపోతుంది ఎందుకంటే దాన్ని నడిపేది ఒక్కరే, సీపీయూ. డ్రైవర్‌లో అలా కాదు, ఇద్దరున్నారు. సీపీయూ చేసే పని నీకు స్క్రీన్ మీద కనిపిస్తుంది, రెండోది చిప్‌లోని ఈథర్నెట్ కంట్రోలర్ (మ్యాక్) లోపలుండే డీఎంఏ, దాని కోడ్ ఒక్క లైను కూడా మీ రిపాజిటరీలో ఉండదు, కానీ మీ మెమరీలోకి ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి రాసేసి పోతుంటుంది. కనిపించని ఆ రెండోదాన్ని మనసులో పెట్టుకుని చదవకపోతే ప్రతి ఫంక్షనూ కరెక్టుగానే అనిపిస్తుంది, నీకు జరిగింది అదే.

అందుకని ఫైలుని పక్కన పెట్టి ఒక్క ప్యాకెట్‌ని పట్టుకో. ఒక తెల్ల కాగితం తీసుకుని మధ్యలో గీత గియ్యి, ఎడమ పక్క సీపీయూ అని, కుడి పక్క డీఎంఏ అని రాయి. వైరు మీంచి ఒక ఫ్రేమ్ వచ్చిన దగ్గర్నుంచి అది ఎల్‌డబ్ల్యూఐపీ చేతికెళ్ళి, బఫర్ తిరిగి రింగ్‌లో చేరేదాకా, కోడ్‌లో ఒక్కో లైనూ వెంట నడుస్తూ ప్రతి అడుగులోనూ ఒకటే ప్రశ్న వేసుకో: ఈ బఫర్, ఈ డిస్క్రిప్టర్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నాయి? చేతులు మారిన ప్రతి చోటా గీత దాటుతూ ఒక బాణం. అప్పగించాక ముట్టుకున్నా తప్పే, తిరిగి ఇవ్వకముందే తీసుకున్నా తప్పే. నేను ఇన్నేళ్ళలో చూసిన ఈథర్నెట్ డ్రైవర్ బగ్గుల్లో చాలా మటుకు ఈ బాణాల దగ్గరే ఉన్నాయి, లాజిక్‌లో తప్పులు తక్కువ.

అప్పగింతకి గుర్తు ఓన్ బిట్, హెచ్7లో (మీ హెచ్743 ఆ కుటుంబానిదే) డిస్క్రిప్టర్ చివరి వర్డ్‌లో 31వ బిట్. అది 1 అయితే డీఎంఏది, 0 అయితే మనది. ఇక్కడ మొదట చూడాల్సింది వరస. బఫర్ అడ్రస్, లెంగ్త్, మిగతా అన్నీ రాసేశాకే ఓన్ బిట్ పెట్టాలి, ఆ రెండింటి మధ్య మెమరీ బ్యారియర్ (ముందు రాసినవి పూర్తయ్యాకే ముందుకెళ్ళమనే ఇన్‌స్ట్రక్షన్) ఉండాలి, ఆ తర్వాత మళ్ళీ బ్యారియర్, అప్పుడు టెయిల్ పాయింటర్ రిజిస్టర్ (డిస్క్రిప్టర్లు ఎక్కడిదాకా సిద్ధమో డీఎంఏకి చెప్పేది) రాయాలి. వోలటైల్ పెట్టాం కదా సరిపోదా అంటారు చాలామంది, వోలటైల్ ఆపేది కంపైలర్‌ని మాత్రమే, కార్టెక్స్ ఎం7 తన రైట్ బఫర్‌లో ఉంచుకున్న దాన్ని అది బయటికి తొయ్యలేదు. ఇంకోటి, పంపే ఫ్రేమ్ రెండు మూడు డిస్క్రిప్టర్లలో పరుచుకుని ఉంటే (ఎల్‌డబ్ల్యూఐపీ ప్యాకెట్ బఫర్లైన పీబఫ్‌లు చైన్‌గా వచ్చినప్పుడు ఇలాగే అవుతుంది) మొదటి డిస్క్రిప్టర్ ఓన్ బిట్ అన్నిటికంటే ఆఖర్న పెట్టాలి. మొదటిదానికే ముందు పెట్టేస్తే డీఎంఏ పని మొదలుపెట్టి రెండోదాని దగ్గరికొచ్చేసరికి అది ఇంకా సిద్ధంగా ఉండదు, సగం ఫ్రేమ్ దగ్గర ఆగిపోతుంది. ఆ లూపు నీ కోడ్‌లో ముందు నుంచి వెనక్కి వెళ్తోందా, వెనక నుంచి ముందుకొస్తోందా చూడు.

హెచ్7కే ప్రత్యేకమైన విషయం ఒకటుంది, పాత ఎఫ్4 చిప్ నుంచి కోడ్ తెచ్చి మార్చుకున్నవాళ్ళు తరచుగా దెబ్బతినేది ఇక్కడే. హెచ్7లో ఫ్రేమ్ వచ్చాక డీఎంఏ డిస్క్రిప్టర్‌ని తిరగరాస్తుంది, అప్పుడు మొదటి వర్డ్‌లో మనం పెట్టిన బఫర్ అడ్రస్ పోతుంది, ఆ చోట వీలాన్ ట్యాగ్ లాంటి స్టేటస్ వచ్చి కూర్చుంటుంది. కాబట్టి తిరిగి అప్పగించేటప్పుడు ఊరికే ఓన్ బిట్ పెడితే చాలదు, బఫర్ అడ్రస్ మళ్ళీ రాయాలి, బఫర్ 1 వాలిడ్ బిట్, ఇంటరప్ట్ బిట్ కూడా మళ్ళీ పెట్టాలి. అడ్రస్ ఎక్కడో వేరే అర్రేలో దాచుకున్నారా లేదా చూడు, దాచుకోకపోతే డిస్క్రిప్టర్ నుంచే చదువుతున్నారని అర్థం, అక్కడ అప్పటికి ఉండేది చెత్త విలువ.

ఇక క్యాష్, అంటే మెమరీలో ఉన్నదాని కాపీని సీపీయూ తన దగ్గర దాచుకునే చోటు. ఇక్కడ కొంచెం నిదానంగా చెప్తా ఎందుకంటే నేను దీనిమీద మూడు వారాలు పోగొట్టుకున్నా. అప్పట్లో నేను పనిచేసిన చోట మేమే రాసుకున్న చిన్న స్టాక్ ఒకటి ఉండేది, ఏఆర్‌పీ (ఈ ఐపీకి మ్యాక్ అడ్రస్ ఏంటనే ప్రశ్న) అడిగితే జవాబుని వచ్చిన బఫర్‌లోనే అడ్రస్‌లు తిరగేసి వెనక్కి పంపేసేది. టేబుల్ మీద అంతా బానే ఉండేది, లోడ్ పెరిగితే మాత్రం అప్పుడప్పుడూ జవాబు అవతలికి చేరేది కాదు. చివరికి స్విచ్‌లో పోర్ట్ మిర్రర్ పెట్టి వైర్‌షార్క్‌లో పట్టుకుంటే జవాబు నిజానికి బయటికి వెళ్తోంది, కానీ పంపాల్సిన వాళ్ళ మ్యాక్ అడ్రస్ ఉండాల్సిన చోట మా బోర్డు మ్యాక్ అడ్రసే ఉంది. లోపల ఏఆర్‌పీ భాగం మాత్రం సరిగ్గా ఉంది. మొదటి 12 బైట్లు మాత్రమే పాతవి, మిగతా అంతా కొత్తది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా అలా 12 బైట్లు మాత్రమే వదిలేసే కోడ్ ఎక్కడా లేదు.

కారణం బఫర్ సైజు. మా ఆర్‌ఎక్స్ బఫర్లు ఒక్కోటి 1524 బైట్లు, వరసగా ఒక అర్రే. ఎం7లో క్యాష్ లైన్ 32 బైట్లు. 32 తో భాగిస్తే 47 లైన్లకి 1504 బైట్లు అవుతాయి, ఇంకా 20 మిగులుతాయి. అంటే 48వ లైన్‌లో మొదటి 20 బైట్లు బఫర్ 0 వి, మిగతా 12 బైట్లు బఫర్ 1 వి. ఆ 12 ఏంటి? గమ్యం మ్యాక్ అడ్రస్ 6, పంపినవాళ్ళ మ్యాక్ అడ్రస్ 6. మెయిన్ లూప్ బఫర్ 1లో కొత్త అడ్రస్‌లు రాసింది, అవి ఇంకా క్యాష్‌లోనే ఉన్నాయి, ఈలోపు ఇంటరప్ట్ వచ్చి బఫర్ 0ని ఇన్‌వాలిడేట్ చేసింది (క్యాష్‌లోని కాపీని పారేసింది), దాంతోపాటు పక్కవాడి 12 బైట్లు కూడా మాయం, మెమరీలో ఉన్న పాత అడ్రస్‌లు తిరిగొచ్చాయి. 1524 తీసేసి 1536 పెట్టి (48 లైన్లు సరిగ్గా) అర్రే మొదలుని 32 కి అలైన్ చేస్తే పోయింది. మూడు వారాల పని, మార్పు రెండు లైన్లు. అప్పటినుంచి ఏ డ్రైవర్ రివ్యూకి వచ్చినా ఫైలు తెరవగానే బఫర్ సైజు వెతికి 32 తో భాగించి చూస్తా, నువ్వూ అదే చెయ్యి.

ఇదే ఇబ్బంది డిస్క్రిప్టర్లకి ఇంకా ఎక్కువ. హార్డ్‌వేర్ చూసే డిస్క్రిప్టర్ 16 బైట్లు, అంటే ఒక లైన్‌లో రెండు పడతాయి, ఒకటి నీ చేతిలో, పక్కది డీఎంఏ చేతిలో ఉండొచ్చు, నువ్వు నీదాన్ని క్లీన్ చేస్తే (క్యాష్‌లోది మెమరీకి రాస్తే) పక్కదానిమీద డీఎంఏ అప్పుడే రాసిన స్టేటస్ పైన పాతది పడిపోతుంది. క్లీన్, ఇన్‌వాలిడేట్‌లతో దీన్ని నెట్టుకురావడం కన్నా ఎంపీయూతో (మెమరీ ప్రొటెక్షన్ యూనిట్) ఆ కాస్త మెమరీని నాన్-క్యాషబుల్ చేసెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. చేసేటప్పుడు నార్మల్ నాన్-క్యాషబుల్ అని పెట్టారా, డివైస్ అని పెట్టారా చూడు, ప్యాకెట్ బఫర్లు కూడా అదే రీజియన్‌లో ఉండి డివైస్ అని పెట్టేసి ఉంటే అలైన్ కాని అడ్రస్‌లో వర్డ్ చదవగానే ఫాల్ట్ వస్తుంది, ఈథర్నెట్ హెడర్ 14 బైట్లు కాబట్టి దాని వెనకొచ్చే ఐపీ హెడర్ అలైన్ అవ్వకపోవడం మామూలే. బఫర్లు క్యాషబుల్‌గానే ఉంటే ఇన్‌వాలిడేట్ రెండుసార్లు ఉండాలి: డీఎంఏకి ఇచ్చే ముందు ఒకసారి, తీసుకున్నాక ఒకసారి. మొదటిది లేకపోతే క్యాష్‌లో మిగిలిన మన పాత రాతలు ఎప్పుడో బయటికొచ్చి డీఎంఏ రాసినదాని మీద పడతాయి, రెండోది లేకపోతే ఎం7 ముందే తెచ్చిపెట్టుకున్న పాత డేటా చదువుతావు.

మ్యాప్ ఫైల్ (లింకర్ ఏది ఏ అడ్రస్‌లో పెట్టిందో చెప్పేది) కూడా తెరువు, సోర్స్ ఒక్కటే చూస్తే సరిపోదు. హెచ్743లో 0x20000000 దగ్గరుండే 128 కేబీ డీటీసీఎం ఈథర్నెట్ డీఎంఏకి అందదు. డిస్క్రిప్టర్లూ బఫర్లూ 0x24000000 లోనో 0x30000000 లోనో ఉండాలి. లింకర్ స్క్రిప్ట్‌లో సెక్షన్ పేరు రాసి, సోర్స్‌లో ఆ పేరులో ఒక అక్షరం తప్పు పడితే అవి చడీచప్పుడు లేకుండా వేరే చోటికి వెళ్ళిపోతాయి.

ఇప్పుడు నీ అసలు సమస్యకి వద్దాం, రెండు మూడ్రోజులకోసారి ఆగిపోవడం. నీ కోడ్ నేను చూడలేదు, కానీ ఈ లక్షణం వినగానే నా మొదటి అనుమానం ఆర్‌ఎక్స్ దారిలో పీబఫ్ దొరకని చోటు మీద. చాలా డ్రైవర్లలో ఇలా ఉంటుంది: ఇంటరప్ట్ వస్తుంది, సెమాఫోర్ (టాస్క్‌ని లేపే సంకేతం) ఇస్తుంది, టాస్క్ లేచి డిస్క్రిప్టర్ చూసి పీబఫ్ అలకేట్ చేస్తుంది, దొరక్కపోతే రిటర్న్. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉంటుంది, నల్ చెక్ చేశారు కదా అని రివ్యూలో అందరూ ముందుకెళ్ళిపోతారు. ఆగి కాగితం మీద గీసి చూడు. ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లో కరెంటు పోయి వచ్చి అన్ని మెషిన్లూ ఒకేసారి లేచి బ్రాడ్‌కాస్ట్‌లు గుప్పించాయి అనుకుందాం, పీబఫ్‌ల పూల్ ఖాళీ అయింది, టాస్క్ రిటర్న్ అయింది, ఆ డిస్క్రిప్టర్ మన చేతిలోనే ఉండిపోయింది. ఈలోపు మిగతా మూడూ నిండిపోయాయి. ఇప్పుడు నాలుగూ మన చేతిలోనే, డీఎంఏకి ఒక్కటి కూడా లేదు, అది రిసీవ్ బఫర్ అన్అవైలబుల్ అని స్టేటస్ పెట్టి సస్పెండ్ అయిపోతుంది. కొత్త ఫ్రేమ్ మెమరీలోకి రాదు కాబట్టి ఆర్‌ఎక్స్ ఇంటరప్ట్ రాదు, ఇంటరప్ట్ రాదు కాబట్టి సెమాఫోర్ రాదు, సెమాఫోర్ రాదు కాబట్టి టాస్క్ లేవదు, టాస్క్ లేవదు కాబట్టి డిస్క్రిప్టర్లు తిరిగి వెళ్ళవు. ఒక సెకను తర్వాత పూల్ మళ్ళీ నిండుగానే ఉంటుంది, కానీ అడిగేవాళ్ళెవరూ లేరు. సీపీయూ బతికే ఉంది, ఎల్‌ఈడీ వెలుగుతూనే ఉంది, లింక్ అప్‌లోనే ఉంది, నెట్‌వర్క్ ఒక్కటే లేదు.

దీనికి చెయ్యాల్సింది, పీబఫ్ దొరక్కపోతే ఆ ప్యాకెట్‌ని వదిలేసి, కౌంటర్ ఒకటి పెంచి, అదే బఫర్‌ని వెంటనే డీఎంఏకి తిరిగి ఇచ్చి టెయిల్ పాయింటర్ రాయడం. ప్యాకెట్ పోతే పోనీ, టీసీపీ మళ్ళీ పంపుతుంది, డిస్క్రిప్టర్ మాత్రం మన దగ్గర ఉండిపోకూడదు. దాంతోపాటు ఆ బఫర్ అన్అవైలబుల్ ఇంటరప్ట్‌ని కూడా ఎనేబుల్ చేసి టాస్క్‌ని లేపాలి, సెమాఫోర్ కోసం శాశ్వతంగా ఎదురుచూడకుండా 100 మిల్లీసెకన్ల టైమౌట్ పెట్టి రింగ్‌ని ఒకసారి తడిమి చూసుకోవాలి. రివ్యూలో నేను ఎర్రర్ దారులే ముందు చదువుతా, మంచి దారిని రోజూ టేబుల్ మీద పింగ్ కొట్టి టెస్ట్ చేస్తూనే ఉంటారు, ఎర్రర్ దారి మొదటిసారి నడిచేది కస్టమర్ దగ్గరే.

4 డిస్క్రిప్టర్లు అన్నావు కదా, లెక్క చూడు. 100 ఎంబీపీఎస్ మీద అతి చిన్న ఫ్రేమ్ 64 బైట్లు, ప్రియాంబుల్‌కి 8, ఫ్రేముల మధ్య గ్యాప్‌కి 12 కలిపితే 84 బైట్లు, అంటే 6.72 మైక్రోసెకన్లు. నాలుగు నిండడానికి 27 మైక్రోసెకన్లు కూడా పట్టదు. మీ ఫ్లాష్ రాసే కోడ్ ఇంటరప్ట్‌లు ఎంతసేపు ఆపుతుందో కనుక్కో. మెమరీ ఉన్నప్పుడు 4 కి కట్టుబడడం దేనికి, 16 అయినా పెట్టమని అడుగు. అయితే ఒకటి, 16 పెట్టినంత మాత్రాన పైన చెప్పిన బగ్ పోదు, రెండు మూడ్రోజులకోసారి వచ్చేది నెలకోసారి వస్తుంది, అప్పుడు పట్టుకోవడం ఇంకా కష్టం.

ఇంటరప్ట్ ఫంక్షన్‌లో మూడు చూడు. స్టేటస్ రిజిస్టర్‌లో బిట్ పోవాలంటే దానికి 1 రాయాలి, అక్కడ ఎవరైనా అలవాటు కొద్దీ ఆర్-ఈక్వల్ (|=) వాడితే చదివినప్పుడు 1 గా ఉన్న బిట్లన్నీ కలిపి తిరిగి రాసి ఒకే దెబ్బకి అన్నీ చెరిపేస్తుంది, పక్కన వచ్చిన ఎర్రర్ ఇంటరప్ట్ ఎవరూ చూడకుండానే పోతుంది. రెండోది, బిట్‌ని ముందు చెరిపి తర్వాత పని చెయ్యాలి, పని అయ్యాక చెరిపితే ఆ మధ్యలో వచ్చింది కూడా చెరిగిపోతుంది. మూడోది ప్రయారిటీ: ఈథర్నెట్ ఇంటరప్ట్‌కి ప్రయారిటీ పెట్టకుండా వదిలేస్తే 0, అంటే కార్టెక్స్-ఎంలో అన్నిటికంటే పైది, అక్కడ్నుంచి ఫ్రీఆర్టాస్ సెమాఫోర్ ఇవ్వకూడదు, ఇస్తే కెర్నల్ లిస్టులు ఎప్పుడో ఒకసారి పాడవుతాయి. అలాగే టాస్క్ ఒకసారి లేచాక రింగ్ ఖాళీ అయ్యేదాకా లూప్ తిరగాలి, ఒక్క ప్యాకెట్ తీసి పడుకుంటే పింగ్ జవాబు తర్వాతి పింగ్ వచ్చేదాకా రాదు. ఆ లక్షణం ఎప్పుడైనా కనిపిస్తే ఇంకెక్కడా వెతకనక్కర్లేదు.

టీఎక్స్ (పంపే) వైపు ప్రశ్న ఒకటే, పీబఫ్‌ని ఎప్పుడు ఫ్రీ చేస్తున్నారు. కాపీ చేసి పంపుతుంటే పర్లేదు. కాపీ లేకుండా పీబఫ్ మెమరీనే డీఎంఏకి ఇస్తుంటే ఓన్ బిట్ 0 అయ్యేదాకా రిఫరెన్స్ పట్టుకుని ఉండాలి.

ఫై (కేబుల్ వైపుండే చిప్) సంగతి క్లుప్తంగా. లింక్ స్టేటస్ బిట్ ఒకసారి పడిపోతే చదివేదాకా 0 గానే పట్టుకుని ఉంటుంది, ఇప్పటి పరిస్థితి కావాలంటే రెండుసార్లు చదవాలి. కేబుల్ తీసి వేరే స్విచ్‌కి పెడితే స్పీడ్, డూప్లెక్స్ మారొచ్చు, అది మ్యాక్‌కి కూడా చెప్తున్నారా? ఎండీఐఓ (ఫైతో మాట్లాడే లైను) బిజీ బిట్ కోసం తిరిగే వైల్ లూప్‌కి టైమౌట్ ఉందా?

సీనియర్ గారి భయం గురించి. ఆయన నిన్ను రివ్యూ చెయ్యమన్నారంటే రెండో జత కళ్ళు కావాలనే అడిగారు. ఈ కోడ్ రాసి ఆయన దానికి అలవాటుపడిపోయి ఉంటారు, నీకు ఇంకా ఆ అలవాటు లేదు, ఇప్పుడు నీ బలం అదే. కానీ ఎలా అడుగుతావన్నది ముఖ్యం. "ఇక్కడ బ్యారియర్ మర్చిపోయారు" అని రాయకు. "సార్, పీబఫ్ దొరకని సందర్భంలో ఈ డిస్క్రిప్టర్ ఏ లైన్‌లో డీఎంఏకి తిరిగి వెళ్తుంది? నాకు దొరకలేదు" అని రాయి, రిఫరెన్స్ మాన్యువల్‌లో పేజీ నంబర్ జతచెయ్యి. ఆయన లైను చూపిస్తే నువ్వు నేర్చుకుంటావు, చూపించలేకపోతే బగ్ ఆయనకే కనిపిస్తుంది, రెండింట్లోనూ ఎవరికీ చిన్నతనం లేదు. స్పెల్లింగ్ కామెంట్లు విడిగా, చివర్లో పెట్టు, లేకపోతే నలభై చిన్న కామెంట్ల మధ్య ఈ ఒక్కటీ మునిగిపోతుంది. నాదైతే రోజుకి రెండు గంటలకి మించి డ్రైవర్ రివ్యూ చెయ్యని పద్ధతి, ఆ తర్వాత కళ్ళు చదువుతుంటాయి గానీ బుర్ర చదవదు.

వీలైతే కామెంట్‌తోపాటు ఒక టెస్ట్ కూడా ఇవ్వు. పింగ్ సైజు 1472 (28 కలిపితే సరిగ్గా 1500), ఆ తర్వాత 1473. ట్రాఫిక్ నడుస్తుండగా కేబుల్ పీకి పెట్టడం యాభై సార్లు. పీబఫ్ పూల్ సైజుని కావాలని 2 కి తగ్గించి పింగ్ వరదలా కొట్టడం, నా అనుమానం నిజమైతే మూడ్రోజుల బగ్ మూడు నిమిషాల్లో నీ టేబుల్ మీదకే వస్తుంది.

ఈలోపు కస్టమర్ దగ్గర మళ్ళీ ఆగితే రీసెట్ కొట్టొద్దని చెప్పు, కుదిరితే నువ్వే వెళ్ళు. రన్ అవుతున్న బోర్డుకి రీసెట్ చెయ్యకుండా డీబగ్గర్ తగిలించి మూడు విషయాలు రాసుకో: డీఎంఏ ఛానల్ స్టేటస్ రిజిస్టర్ విలువ (అందులో 7వ బిట్ రిసీవ్ బఫర్ అన్అవైలబుల్), నాలుగు ఆర్‌ఎక్స్ డిస్క్రిప్టర్ల చివరి వర్డ్‌లు, ఆర్‌ఎక్స్ టాస్క్ ఎక్కడ ఆగి ఉందో. 7వ బిట్ 1, నాలుగు ఓన్ బిట్లూ 0, టాస్క్ సెమాఫోర్ దగ్గర నిద్రలో ఉంటే పైన చెప్పిందే. ఓన్ బిట్లు నాలుగూ 1 గా ఉంటే రింగ్ బానే ఉన్నట్టు, అప్పుడు ఫై, లింక్ వైపు వెళ్ళాలి. ఏది వచ్చినా ఆ విలువలు నాకు రాయి.